తక్కువ పడిన దుప్పటి

తక్కువ పడిన దుప్పటి ఆమె ఒళ్ళోనే ఉంది. బూడిద రంగుది, అంచున ఆస్పత్రి ముద్ర, మూలన ఎర్ర దారంతో కుట్టిన గది నంబరు, మూడొందల పన్నెండు. దాన్ని వెతకడానికి ఒక ఆయా కింద లాండ్రీకి పరిగెత్తింది, ఇంకో ఆయా పై అంతస్తులో బీరువాలన్నీ తెరిచి చూస్తోంది, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరమ్మ మాత్రం బట్టల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, స్టూలు మీద కూర్చుని, ఆ దుప్పటి మడతల్ని అరచేత్తో సర్దుతోంది. ఇలాంటి పని ఆమె ఇదివరకెప్పుడూ చెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక తువ్వాలు దాచింది లేదు, ఒక సబ్బు ముక్క సంచిలో వేసుకుంది లేదు, ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు ఆయాలు కబుర్లు కట్టిపెట్టి చీపుళ్ళు అందుకుంటారు. అయినా ఇప్పుడు కూర్చుంది. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. పన్నెండూ పది దాకా కూర్చుంటుంది. ఒక్క గంట. అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువ వద్దు, తక్కువా వద్దు.

చూడబోతే అదేమంత పెద్ద రూలు కాదు. పేషెంటు గది ఖాళీ చేసేముందు హౌస్‌కీపింగ్ వాళ్ళు వచ్చి దుప్పట్లు, దిండు గలీబులు, నీళ్ళ జగ్గు, టీవీ రిమోటు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని పసుపు చీటీ మీద సంతకం పెట్టాలి. నాలుగేళ్ళ కిందట ఎవరో మహానుభావులు కర్టెన్లతో సహా మూటకట్టుకుని పోయినప్పుడు తనే పట్టుబట్టి పెట్టించిన రూలు. చీటీ లేకపోతే కింద గేటు దగ్గర మీసాల సెక్యూరిటీ స్ట్రెచర్ని దాటనివ్వడు, ఆస్పత్రి యజమాని దిగొచ్చి చెప్పినా దాటనివ్వడు. మూడొందల పన్నెండులో ముసలావిడ ఇంటికి వెళ్ళాలి. పెద్ద డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు, ఇక చెయ్యడానికేం లేదు, మూడు గంటలో నాలుగు గంటలో, ఇంట్లోనే కన్ను మూస్తానని ఆవిడ అడుగుతోంది కాబట్టి తీసుకెళ్ళండి అని. బండిలో గంటన్నర దారి. అంబులెన్సు కింద సిద్ధంగా ఉంది, కాగితాలన్నీ అయిపోయాయి, ఈ పసుపు చీటీ ఒక్కటే మిగిలింది. పదకొండింటికి గదిలోకి వెళ్ళి చూస్తే రెండు దుప్పట్లకి ఒకటే ఉంది. ఒకటి తక్కువుందండీ, చూసి వస్తాను అంది, నిజంగానే అంది, అందులో మోసం లేదు. ఇక్కడికి వచ్చి అరలో దీన్ని చూశాక గుర్తొచ్చింది, ఒళ్ళు మండిపోతోంది తీసెయ్యమ్మాయ్ అని ఆవిడే అంటే తెల్లవారి ఏడింటికి తనే తీసి ఇక్కడ పడేసి, మరొకటి ఇవ్వడం మర్చిపోయింది. దుప్పటి తీసుకుంది, తలుపు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చి కూర్చుంది. కాళ్ళే వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత మనసు వచ్చి వాటి పక్కన కూర్చుంది.

అమ్మాయ్. ఆ పిలుపే పట్టించింది. తొమ్మిది రోజుల కిందట గది తుడుస్తున్న ఆయా వెనకాల నిలబడి పని చూస్తుంటే మంచం మీద నుంచి, అమ్మాయ్, ఆ మూల తుడవలేదు అని వినిపించింది. పంతొమ్మిదేళ్ళయినా గొంతు ముడతలు పడలేదు. మనిషి సగమైంది, జుట్టు పోయింది, చేతులు పుల్లల్లా ఉన్నాయి, ఆ గొంతు మాత్రం అలాగే ఉంది, మెట్ల మీద ఇసుక ఎవరు పోశారు, కుళాయి అన్నిసార్లు ఎందుకు తిప్పుతారు, మీ ఇంటికి చుట్టాలు మరీ ఎక్కువ వస్తున్నట్టున్నారే అని అడిగిన గొంతు. మంచానికి వేలాడుతున్న ఫైలు మీద పేరు చూసి ఈవిడకీ ఒక పేరుందా అనుకుంది. ఆరేళ్ళు ఆవిడ ఇంట్లో అద్దెకున్నా ఆ పేరు ఎప్పుడూ వినలేదు, వీధి వీధంతా హౌస్ ఓనరమ్మ అనే అనేది, కూరగాయల బండివాడు కూడా. ఆవిడ మాత్రం ఈమెని గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది, మూతికి మాస్కు, నెరిసిన జుట్టు, నీలం కోటు, జేబు మీద హౌస్‌కీపింగ్ అని తెల్ల దారంతో అక్షరాలు. పైగా ఆవిడకి అందరూ అమ్మాయిలే. నర్సు అమ్మాయ్, ఆయా అమ్మాయ్, ఆహారం తెచ్చే యాభై ఏళ్ళ మనిషి కూడా అమ్మాయే.

తలుపు తోసుకుని హౌస్ సర్జన్ వచ్చింది. ఈమె దుప్పటిని చప్పున మోకాళ్ళ కింద, చీకట్లోకి తోసేసింది. పాతికేళ్ళు కూడా లేని పిల్ల, కళ్ళ కింద నల్లటి గుంటలు, రాత్రీ పగలూ ఈ నాలుగు గోడల మధ్యే.

"ఆంటీ, ఒక్క దుప్పటి కోసం ఆపుతారా? ఆవిడకి టైం లేదు. సంతకం పెట్టేయండి, దుప్పటి సంగతి నేను చూసుకుంటా."

"నువ్వు చూసుకుంటావమ్మా, రేపు నువ్వు ఇంకో ఆస్పత్రికి పోతావు. మాట పడేది నేను. వెతుకుతున్నారుగా, వచ్చేస్తుంది."

పాపం పిల్ల, నమ్మింది. సూపర్‌వైజరమ్మ మాటంటే ఇక్కడ అంత నమ్మకం. వెళ్ళిపోతూ తలుపు దగ్గర తూలి గోడ పట్టుకుంది, ఎన్ని గంటలైందో నిద్రపోయి. ఇల్లూ వాకిలీ మర్చిపోయి ఇక్కడే పడుండే పిల్లకి హౌస్ సర్జన్ అని పేరేమిటో. ఈ మాట తన కూతురు పాపకి తెలియలేదు ఆ రోజు, తెలిస్తే లెక్క సరిపోయేది. ఇంగ్లీషు టీచరు హౌస్ ఉన్న మాటలు పది రాసుకురమ్మంది. పాపకి ఎనిమిదేళ్ళు, పుస్తకం నేల మీద పరిచి బోర్లా పడుకుని, కాళ్ళు పైకి ఆడిస్తూ నాన్న వెంటపడింది. ఆయనకి చదువు అంతంతమాత్రం, అయినా బిడ్డ అడిగితే లేదనే మనిషి కాదు. పంప్ హౌస్ రాయి, నేను పని చేసేదీ మీకు బువ్వ పెట్టేదీ అదే, మొదట అది రాయి అన్నాడు. తర్వాత పవర్ హౌస్. తర్వాత సినిమా హాలు దగ్గర బోర్డు చూశాం కదా, హౌస్‌ఫుల్. పాప స్కూల్లో పిల్లల్ని నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకి ఒక రంగు పేరు పెట్టారు, తనది బ్లూ హౌస్, అది నాలుగు. హౌస్‌వైఫ్, మీ అమ్మ, ఇంట్లో కూర్చుని మనిద్దరి మీదా కేకలేస్తుందే, ఆ ఉద్యోగం పేరు అన్నాడు. ఈమె గరిట చూపించింది. ఆయన పాప వెనక దాక్కున్నాడు. అలా నవ్వుకుంటూ తొమ్మిది దాకా వచ్చారు, తొమ్మిదోది హౌస్ ఓనర్. అది రాసేటప్పుడు పాప గొంతు తగ్గించి, కిందికి వినపడుతుందా అమ్మా అని అడిగింది. ఆ ఇంట్లో పిల్లలకి కూడా గొంతు తగ్గించడం అలవాటైపోయింది. పదోది రేపు చెప్తాను, పంప్ హౌస్‌లో ఇంజనీరుగారిని అడిగి వస్తాను అన్నాడు ఆయన.

మెట్ల కింద ఒకటిన్నర గది. అంతే, ఒకటీ సగమూ. ఆ సగంలో వంట, స్నానం, పాప చదువు. అయినా ఆమె దాన్ని అద్దంలా ఉంచేది, గచ్చు మీద అన్నం పెట్టుకుని తినచ్చు. ఒకసారి పాప రిబ్బను గెలుచుకుని గేటు దగ్గర్నుంచే, మాది బ్లూ హౌస్, మాది బ్లూ హౌస్ అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. హౌస్ ఓనరమ్మ పైన వరండాలో కూర్చుని నవ్వుతూ, మీదెక్కడే, ఇది మాది కదా అంది. హాస్యానికే అంది. పక్కింటావిడ కూడా నవ్వింది. ఈమె కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. ఆ నవ్వు ఇప్పటికీ మూతి మీద ఎక్కడో అంటుకుని ఉంది, ఎంత తుడిచినా పోలేదు. పాప మాత్రం నవ్వలేదు. రిబ్బను జేబులో పెట్టుకుని లోపలికి వచ్చి, మరి మనది ఎక్కడుందమ్మా అని అడిగింది.

పదకొండున్నర. కారిడార్లో చక్రాల చప్పుడు, స్ట్రెచర్ తెచ్చి గది ముందు పెట్టినట్టున్నారు. ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజో ఐదో రోజో ఆవిడ కొంచెం తేరుకుని ఈ హౌస్ సర్జన్ డాక్టరమ్మాయితోనే కబుర్లు చెప్పింది. ముప్పై ఏళ్ళు అద్దెకిచ్చానమ్మా, నా ఇంట్లో ఒక్క చావు జరగలేదు, అంత శుభ్రమైన ఇల్లు, పోతే నేనే మొదటిదాన్ని పోవాలి, నా గదిలో, కిటికీ పక్కన. అంటూ గౌనుకి పిన్నీసుతో గుచ్చుకున్న తాళంచెవి చూపించింది. ఇత్తడిది, గేటు తాళానిది. స్కానింగు గదిలో తప్ప ఎక్కడా తియ్యనివ్వలేదట, వెళ్ళగానే గేటు నేనే తీస్తాను అంటుందట. డాక్టరమ్మాయి ముచ్చటపడి తలూపింది. కిటికీ అద్దం తుడిచే నెపంతో అక్కడే నిలబడ్డ ఈమె తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఒక్క చావు జరగలేదు. అబద్ధం కాదు. జరగనిస్తే కదా.

ఆయన్ని మోటార్ల స్టార్టరు పెట్టె దగ్గర కరెంటు కొట్టింది. మూడు రోజులు పెద్దాస్పత్రిలో ఉన్నాడు, మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. పంప్ హౌస్‌లో తోటి ఆపరేటరు తమ్ముడిలాంటివాడు, వదినా వదినా అంటూ ఇంటికొచ్చి పాపతో ఆడేవాడు, అతనే ఒక ట్రాలీ బండి మాట్లాడి ఆయన్ని అందులో పడుకోబెట్టి ఇంటికి తీసుకొచ్చాడు. గేటుకి తాళం వేసి ఉంది. ఆ ఇంటి గేటుకి పట్టపగలు తాళం ఉండటం అదే మొదటిసారి. కబురు ముందే చేరినట్టుంది. హౌస్ ఓనరమ్మ లోపల, గేటుకి ఆ పక్కన నిలబడింది, చేతిలో తాళంచెవి. తిట్టలేదు. అరవలేదు. తిట్టినా బాగుండేది. చాలా మెత్తగా, తలనొప్పి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మాయ్, నీ కష్టం నాకు తెలీదనుకోకు. కానీ ఇక్కడ మాత్రం వద్దు. రేపు ఇంకొకళ్ళు వచ్చి ఉండాల్సిన చోటు."

"ఒక్క గంటమ్మా. పాప స్కూలు నుంచి రావాలి, మా అత్తగారు రావాలి. ఒక్క గంట ఇంట్లో పడుకోబెట్టుకుంటాను. ఆరేళ్ళున్నాం కదమ్మా."

గంట ఇవ్వడం అటుంచి, ఆవిడ చేతిలో తాళంచెవి కూడా అటు ఇటు కదల్లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి గేటు మీదుగా ఇచ్చింది, తాగు, మొహం కడుక్కో అని. ఈమె తాగింది కూడా. అది తల్చుకుంటే చాలు ఇప్పటికీ ఒళ్ళంతా చీదర. మొగుడు బండిలో ఉన్నాడు, ఎండ నేరుగా ఆయన మొహం మీద పడుతోంది, తను గేటు ముందు నిలబడి గటగటా నీళ్ళు తాగింది, ఆయన తోడి పంపిన నీళ్ళే, పొద్దునా సాయంత్రమూ మోటారు వేసి ఆ ఇంటికీ ఆ వీధికీ పంపిన నీళ్ళే. వీధిలో అందరూ కిటికీల్లోంచి చూశారు. ఒక్కళ్ళూ మా ఇంటికి రండి అనలేదు. ఎవరంటారు, వాళ్ళూ అద్దెకున్నవాళ్ళే.

చివరికి పంప్ హౌస్‌కి తీసుకెళ్ళారు, ఇంకెక్కడికి. బెంచీ మీద పడుకోబెట్టారు, నాలుగు పెద్ద మోటార్ల పక్కన. అదే బెంచీ మీద ఒకసారి ముగ్గురూ కూర్చున్నారు, సినిమాకి వెళ్తే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేశారని, ఏడుస్తున్న పాపని ఎత్తుకుని ఆయన అక్కడికి తీసుకొచ్చి బఠాణీలు కొనిపెట్టి, ఇది మన థియేటరు, చూడు ఎంత చల్లగా ఉందో అన్నాడు. పాప, ఇక్కడే ఉండిపోదాం నాన్నా అంది. ఉండిపోయాడు. నాలుగయ్యేసరికి ఆపరేటరు వచ్చి తల దించుకుని, వదినా, మోటార్లు వెయ్యాలి, ఆపితే ఊరంతా గోల పెడుతుంది, నా ఉద్యోగం పోతుంది అన్నాడు. వెయ్యి అంది. అతనేం చేస్తాడు. మోటార్లు నాలుగూ ఒక్కసారి లేచాయి, నేల అదిరింది, బెంచీ అదిరింది, బెంచీ మీద ఆయన తల కూడా కొంచెం కొంచెంగా అదురుతూ, ఏదో వద్దు వద్దంటున్నట్టు కదిలింది. అప్పుడు స్కూలు నుంచి పాపని తీసుకొచ్చారు. ఈమె నోరు తెరిచి ఏడ్చింది, గుండెలు బాదుకుని ఏడ్చింది, తన ఏడుపు తనకే వినపడలేదు. పాప దగ్గరగా వచ్చి చెవిలో అరిచింది, అమ్మా, నువ్వు ఏడుస్తున్నావా, పాడుతున్నావా అని. రెండు గంటలు అలాగే. ఆరింటికి మోటార్లు ఆగేసరికి ఇక ఏడవడానికి గొంతు లేదు, మోసేవాళ్ళు వచ్చేశారు. తర్వాత ఆయన ఆఫీసులో గుమాస్తా ఈమె పేరున కాగితం నింపుతూ, వృత్తి హౌస్‌వైఫ్ అని తనే రాసుకుని, హౌస్ నెంబరు చెప్పమ్మా అన్నాడు. ఆ పొద్దున్నే సామాను రోడ్డు మీదికి వచ్చింది, ఆ గదికి సున్నం వేయిస్తున్నారు. లేదండీ అంటే, ఏదో ఒకటి చెప్పకపోతే ఎలాగమ్మా అని విసుక్కున్నాడు. పాప ఆ పదో మాట ఎప్పటికీ రాయలేదు. ఏడాది తిరిగాక ఈ నీలం కోటు తొడుక్కుని జేబు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, పదోది ఇదేనే అని పాపకి చూపించింది.

ఆ పాపకిప్పుడు ఇరవై ఏడు. ఆవిడ ఇక్కడ చేరిందని ఫోన్లో చెప్తే, వదిలెయ్యమ్మా, ముసల్దైపోయింది కదా, ఇప్పుడవన్నీ ఎందుకు అంది. తనకి గుర్తుందా లేక గుర్తుండకూడదని ఉందా అర్థం కాలేదు. వదిలెయ్యాలనే అనుకుంది. తొమ్మిది రోజులూ ఆవిడ గది అందరికంటే శుభ్రంగా ఉంచింది, దిండు సర్దింది, కాలు తిమ్మిరెక్కిందంటే పట్టింది కూడా. ఎందుకు పట్టింది? చెబుదామనే. నేనమ్మా, మెట్ల కింద గదిలో ఉండేదాన్ని అని ఒకరోజు చెబుదామని, ఆ మొహం మారడం చూద్దామని. కానీ మొహం మారకపోతే? ఏ అమ్మాయివి నువ్వు, చాలామంది ఉండేవాళ్ళు అంటే? ఆ భయంతో చెప్పలేదు. ఆవిడ క్షమించమని అడిగితే అదింకో పీడ, క్షమించాలి. ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు. దుప్పటి చెబుతుంది.

పదకొండూ నలభై. హౌస్ సర్జన్ మళ్ళీ వచ్చింది. ఈసారి బతిమాలలేదు, గుమ్మంలో నిలబడి, "ఆంటీ, ఆవిడ బండి వచ్చిందా బండి వచ్చిందా అని అడుగుతోంది. మీకూ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటారు కదా" అంది, కళ్ళలో నీళ్ళు. ఆ పిల్ల వెళ్ళాక ఈమె లేచింది. నిజంగానే లేచింది. దుప్పటి అరలో పెట్టి, చీటీ తీసుకుని, కోటు జేబులో కలం తడుముకుంటూ కారిడార్లో నడిచింది. ఇంకా సమయం ఉంది, ఇప్పుడు బయల్దేరితే చేరచ్చు. పాపలాంటి పిల్ల ఏడ్చింది, చాల్లే అనుకుంది. గదిలో ఆవిడ గుమ్మం వైపు తల తిప్పి ఉంది, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, చెయ్యి గౌను మీద తాళంచెవిని పట్టుకుని ఉంది. వచ్చావా అమ్మాయ్, తలుపు తియ్యి, పూర్తిగా తియ్యి, ఒక్క గంటలో ఇల్లు చేరిపోతాను అంది. ఆ మాట అనకుండా ఉంటే సంతకం పడేదే. ఒక్క గంట. మంచం పక్కన సోఫాలో కొడుకు కూర్చున్నాడు, యాభై దాటిన బట్టతల మనిషి. ఆ రోజుల్లో ఎక్కడో దూరాన ఉద్యోగంలో ఉండేవాడు, ఈమెని ఎరగడు. తలెత్తి చీటీని చూశాడు, ఈమె మొహం చూశాడు, మళ్ళీ ఫోన్లోకి తల దించుకున్నాడు. "దొరికిందాండీ దుప్పటి?" అన్నాడు. ఇంకా లేదండి అంది. "తొందరేం లేదు. రూలంటే రూలే కదా" అన్నాడు. ఎంత వెటకారం! తల్లి పోలికే, మెత్తగా కొయ్యడం. ఒళ్ళు మండిపోయింది. చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని వెనక్కి వచ్చేసింది, స్టూలు మీద కూలబడి దుప్పటి మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

ఇక గడియారం ముల్లునే చూస్తూ కూర్చుంది. ఏడవాలనిపించలేదు, సంతోషమూ లేదు, పెద్ద పని మీద ఉన్న మనిషికి ఉండే స్థిమితం, అంతే. ఆయన తల బెంచీ మీద వద్దు వద్దన్నట్టు కదలడం గుర్తొచ్చింది. మీరు ఊరుకోండి అంది పైకే. దుప్పటికి లాండ్రీ వాసన, పల్చగా ఆవిడ వాసన. ఐదు నిమిషాలు. ఇంకో ఐదు. లాండ్రీకి వెళ్ళిన ఆయా రొప్పుతూ వచ్చి అక్కడ లేదమ్మా అంటే, మళ్ళీ చూడు, సంచులన్నీ కుమ్మరించి చూడు అని తరిమింది. పన్నెండూ ఐదుకి కారిడార్లో అడుగుల చప్పుడు పెరిగింది, తర్వాత ఆగిపోయింది. పన్నెండూ పదికి మాట తప్పకుండా లేచింది. దుప్పటి నాలుగు మడతలు వేసి చేతి మీద వేసుకుని, చీటీ మీద అక్కడే అరకి ఆనించి సంతకం పెట్టి, బయటికి వచ్చింది.

హౌస్ సర్జన్ గోడకి ఆనుకుని నిలబడింది. దుప్పటి చూసింది, చీటీ చూసింది.

"ఇక తొందర లేదాంటీ. ఆరు నిమిషాలైంది."

అనుకున్నది అయింది. ఎక్కడో ఏదో తెగి తేలికపడుతుందనుకుంది, పడలేదు. పడుతుందిలే, కాసేపట్లో. కొడుకు ఏడుస్తాడు, తిడతాడు, నీ దుప్పటి తగలెయ్య అంటాడు, అప్పుడు తేలికపడుతుంది. అతను గదిలోంచి వస్తున్నాడు. రానీ. కాలర్ పట్టుకున్నా సరే అనుకుని నిలబడింది. అతను దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, రెండు చేతులూ జోడించాడు.

"మీ మేలు మర్చిపోనండి."

ఈమెకి అర్థం కాలేదు.

"ఇల్లు లేదండీ. నాలుగు నెలల కిందటే అమ్మేశాను. కొన్నవాళ్ళు పడగొట్టేశారు కూడా, ఇప్పుడక్కడ పునాదుల గోతులున్నాయి. అమ్మకి చెప్పే ధైర్యం లేక సరే సరే అంటూ వచ్చాను. ఇవాళ నిజంగానే పంపిస్తుంటే ఏ గేటు ముందు దించాలో తెలీక చచ్చిపోయాననుకోండి. మీరు దుప్పటి పేరు చెప్పి ఆపుతుంటే మనసులోనే దండం పెట్టుకున్నాను. మీరెందుకు ఆపుతున్నారో నాకు తెలీదు, అడగను కూడా. అమ్మ ఇంటికి వెళ్తున్నానన్న నమ్మకంతోనే పోయింది. హాయిగా పోయింది."

హాయిగా. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. పంతొమ్మిదేళ్ళు కడుపులో పెట్టుకుని పెంచినది, గంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది, చివరికి ఈ బట్టతల మనిషికి చేసిన ఉపకారమా. ఆవిడ కిటికీ పక్కన పడుకున్నట్టే పోయింది. పడగొట్టిన గేటు తీసుకుని లోపలికి వెళ్ళినట్టే పోయింది. అతను జేబులోంచి పిన్నీసుతో సహా ఆవిడ తాళంచెవి తీసి ఈమె చేతిలో పెట్టాడు, ఎక్కడైనా పారేయండమ్మా, నా చేత్తో పారెయ్యలేను అన్నాడు. ఇత్తడి ఇంకా వెచ్చగా ఉంది. అరచేతిలో దాన్ని పట్టుకుంటే ఎంత చిన్నగా ఉందో. గేటుకి అవతల ఆవిడ చేతిలో అది అంత చిన్నగా కనిపించలేదు. కోటు జేబులో ఫోను మోగింది, కింద రిసెప్షను వాళ్ళు, మూడొందల పన్నెండు ఎప్పుడిస్తారు, ఇంకో పేషెంటు వచ్చేశారు, పైకి పంపేశాం అని. లిఫ్టు దగ్గర సంచులతో ఒక మొగుడూ పెళ్ళాం అప్పుడే నిలబడి ఉన్నారు. ఆస్పత్రి లెక్క ప్రకారం గది కడిగి పక్క వెయ్యడానికి నలభై నిమిషాలు.

"ఇంకొక్క సాయం" అన్నాడు కొడుకు. "మా చెల్లెలు బయల్దేరింది, దారిలో ఉంది. గంటలో వచ్చేస్తుంది. నేనుండేది అద్దె ఫ్లాటు, మా ఓనరు లోపలికి తేనివ్వడు. చెల్లి వచ్చేదాకా అమ్మని ఈ గదిలోనే ఉంచుతారా? ఒక్క గంటండీ."

ఆమె గదిలోకి చూసింది. మంచం మీద ఆవిడ చాలా కొంచెం చోటు ఆక్రమించుకుని ఉంది. ఒక ఆయా పొరపాటున తలుపు తీసిపెట్టింది, పూర్తిగా. గంట ఇవ్వచ్చు. రిసెప్షను వాళ్ళకి కుళాయి పాడైందనో, గచ్చు ఆరలేదనో చెబితే నమ్ముతారు, ఆమె మాట ఇక్కడ ఎవరూ కాదనరు. దుప్పటి దొరకలేదంటే నమ్మలేదూ. అతని వైపు తిరిగింది. ఏం మాట్లాడాలో వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు, మాటలు ఎప్పటివో, మడత కూడా నలగకుండా, నోట్లో సిద్ధంగా ఉన్నాయి. అవి ఎవరివో మొదటి మాటకే ఆమెకి తెలిసింది. తెలిసీ ఆపలేదు. చాలా మెత్తగా అంది.

"మీ కష్టం నాకు తెలీదనుకోకండి. కానీ ఇక్కడ మాత్రం వద్దు. ఇంకొకళ్ళు వచ్చి ఉండాల్సిన చోటు."

"ఒక్క గంటేనమ్మా."

"కింద పవర్ హౌస్ వెనకాల ఒక గదుంది, అక్కడ ఉంచుతారు. మీ చెల్లెల్ని అక్కడికే రమ్మనండి" అని, చేతి మీది దుప్పటి అతనికి అందించింది. "పెద్ద జనరేటర్లు నడుస్తుంటాయి. కాస్త చప్పుడుంటుంది, అంతే."